బండి మీద నుంచి పడ్డవాళ్ళు

నా వాటర్ ప్లాంటులో నేల ఎప్పుడూ తడిగానే ఉంటుంది. అందుకే అక్కడ తన్నులాట మొదలైతే కొట్టినవాడూ జారిపడతాడు, దెబ్బ తిన్నవాడూ జారిపడతాడు, విడదీయబోయినవాడు ఇద్దరికంటే ముందే పడతాడు. ఆ విడదీయబోయేవాడు ఎప్పుడూ నేనే. ఆత్మకూరు బస్టాండుకు కాస్త ఎడంగా ఒక రేకుల షెడ్డులో మినరల్ వాటర్ క్యాన్లు నింపి అమ్మడం నా బతుకుతెరువు. శనివారం సాయంత్రాలు అదే షెడ్డులో గోడకు తగిలించిన టీవీలో ఇంగ్లండు ఫుట్‌బాల్ చూసి గొంతు పోగొట్టుకోవడం నా జబ్బు.

ఆ జబ్బు నా ఒక్కడికే వచ్చి ఉంటే మా ఆవిడ ఏదో ఒక మందు కనిపెట్టేది. నాతోపాటు ఇంకో ఇద్దరికి ఉంది. ఒకడు చేజర్లవాడు, ఒకడు ఉదయగిరివాడు. ఆత్మకూరులో డిగ్రీ చదివే రోజుల్లో ముగ్గురం ఒకే గదిలో అద్దెకున్నాం. అప్పట్నుంచీ ఊరి పేర్లే మాకు పేర్లు.

చేజర్లవాళ్ళది పెద్ద వ్యవసాయం. వాళ్ళ చిన్నాయన మండలంలో పేరున్న నాయకుడు. మేం గదిలో ఉన్న కాలంలో ఇంగ్లండులో ఒక ఎర్ర జట్టు వరసగా గెలుస్తుండేది కాబట్టి వాడు దాన్ని పట్టుకున్నాడు. పట్టుకున్న మరుసటి ఏడు నుంచి అది ఓడిపోవడం మొదలుపెట్టింది. నాది ఏమీ గెలవని జట్టు. నాకు పెళ్ళయింది, కూతురు పుట్టింది, ప్లాంటు పెట్టుకున్నాను, అది మాత్రం ఇంకా ఒక కప్పు గెలవలేదు. దాన్ని ఎందుకు వదలవు అని అడిగినవాళ్ళను నేను కొట్టిన సందర్భాలున్నాయి.

ఉదయగిరివాడిది నీలం జట్టు. దాన్ని ఒక గల్ఫ్ దేశపు రాజకుటుంబం కొన్నది. వాడి నాయన ఆ దేశంలోనే కాంక్రీటు పని చేసి, అక్కడే చనిపోయాడు. ఒకనాడు ఏజెంటు ఇంటికి ఫోన్ చేసి, "పడిపోయినాడంట" అన్నాడు. ఎక్కడ నుంచి పడ్డాడు, ఎలా పడ్డాడు, ఎవరూ చెప్పలేదు. ఆయనతో పనిచేసినవాళ్ళు సెలవులకు వచ్చినప్పుడు ఒకడు ఎండదెబ్బ అన్నాడు, ఇంకొకడు సూపర్‌వైజరుతో గొడవైందని సగం చెప్పి నోరు మూసుకున్నాడు. పెట్టె మాత్రం వచ్చింది. ఆ తర్వాతే వాడు ఆ జట్టును పట్టుకున్నాడు.

"ఆ దేశంలో మా నాయన పోసిన కాంక్రీటు ఉండాది. ఆ లెక్కన ఆ క్లబ్బులో నాకూ వాటా ఉండాది. నేనూ ఓనర్నే" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. మేమూ నవ్వి, ఓనరు అని పిలవడం మొదలుపెట్టాం.

మా వాదనలు చూసిన కొత్తవాళ్ళు హడలిపోయేవాళ్ళు. చేజర్లవాడు తన జట్టు ఓడిన ప్రతిసారీ మేనేజర్ని పీకెయ్యాలనేవాడు.

"ఈ పొద్దే పీకెయ్యాల. మళ్ళీ వారం దాకా ఉంచకూడదు."

"మొన్ననే గదరా పెట్టుకునింది" అనేవాడు ఉదయగిరివాడు.

"మొన్న పెట్టుకుంటే? పనికిరానోణ్ణి నెత్తిన పెట్టుకుని మొయ్యాల్నా?"

"మీ ఇంట్లో ట్రాక్టరు డ్రైవర్ని మార్చినట్టు మారుస్తా ఉండారు మీ వోళ్ళు. అందుకే మీ ట్రాక్టరూ అట్టే ఉండాది, మీ జట్టూ అట్టే ఉండాది."

అంతే, క్యాన్ లేచేది. ఖాళీ క్యాన్ అయితే మోతే తప్ప దెబ్బ ఉండదు. నిండు క్యాన్ ఎత్తడానికి కోపం చాలదు. కాబట్టి చాలాకాలం మాకు పెద్ద ప్రమాదాలు జరగలేదు. ఒకసారి ఆఫ్‌సైడా కాదా అన్న దాని మీద చేజర్లవాడు ఉదయగిరివాడి చెయ్యి కొరికాడు. పంటిగాట్లు ఇప్పటికీ ఉన్నాయి. నా జట్టు గోల్‌కీపర్ని ముసలి ఎనుము అన్నందుకు నేను చేజర్లవాడి మీదికి ప్లాస్టిక్ కుర్చీ విసిరాను. అది వాడికి తగలకుండా గోడకు తగిలి, తిరిగొచ్చి నా కనుబొమ్మ చీల్చింది. ఆ రోజు ఆసుపత్రిలో నేను చెప్పిన మాట, "బండి మీద నుంచి పడినాను."

ఇది మా ప్రాంతంలో అందరికీ తెలిసిన మాటే. ఆసుపత్రికి దెబ్బలతో పోతే, ఎలా తగిలిందని అడుగుతారు. ఎవడో కొట్టాడంటే పోలీసులకు చెప్పాలి, కేసవుతుంది. అందుకని అన్నదమ్ములు కొడవళ్ళతో నరుక్కున్నా, మొగుడు పెళ్ళాన్ని కొట్టినా, తాగి ఒకరి తల ఒకరు పగలగొట్టుకున్నా, అందరూ బండి మీద నుంచే పడతారు. అసలు బండే లేనివాళ్ళు కూడా పడతారు. దెబ్బ తిన్నవాడు ఆ మాట చెబితే కొట్టినవాడు బతికిపోయినట్టు. చెప్పకపోతే లేదు. అది దెబ్బ తిన్నవాడి ఇష్టం.

బదిలీల కాలం వచ్చిందంటే ఇంకా గోల. ఏ ఆటగాడు ఏ క్లబ్బుకు పోతున్నాడో ఫోన్లలో చూసుకుంటూ గంటలు గంటలు తిట్టుకునేవాళ్ళం. పెంచిన క్లబ్బును వదిలిపోయినవాణ్ణి చేజర్లవాడు ద్రోహి అనేవాడు.

"ముందు మీ చిన్నాయన్ను అడుగు" అనేవాడు ఉదయగిరివాడు. "ఎన్ని పార్టీలు మారినాడో ఆయనకే గుర్తులేదు. ప్రతిసారీ కొత్త కండువా కప్పుకుని, ఇదే నా చిన్ననాటి కల అంటాడు."

చిన్నాయన్ను అంటే చేజర్లవాడు పెద్దగా పట్టించుకునేవాడు కాదు. వాణ్ణి నిజంగా మండించేది క్లబ్బుల యజమానుల మాట. "మా క్లబ్బును కొన్నోడు జీవితంలో బంతి తన్ని ఎరగడు. క్లబ్బు నెత్తినే అప్పు పెట్టి క్లబ్బును కొన్నాడు. మన పొలం తాకట్టు పెట్టి ఆ డబ్బుతోనే మన పొలం కొన్నట్టు."

"మాకు ఆ ఖర్మ లేదు. మా షేకు సొంత జేబులోనుంచి తీసి పెడతాడు."

"ఆ జేబులోకి యాడనుంచి వచ్చిందో అది కూడా చెప్పు ఓనరూ."

అక్కడిదాకా వచ్చి ఆగేవాడు. ఎక్కడ ఆగాలో వాడికి తెలుసని నేను అనుకునేవాణ్ణి.

పోయిన ఏడు ఉదయగిరివాడికి గల్ఫ్ వీసా వచ్చింది. ఇక్కడ టిప్పరు తోలేవాడు. కంకర పనులు ఆగిపోయి చాలాకాలంగా ఖాళీగా ఉన్నాడు. ఉదయగిరి, సీతారామపురం వైపు పల్లెల్లో మగవాళ్ళంతా ఎటో ఒకవైపు పోతూనే ఉన్నారు, వాడూ పోవాల్సి వచ్చింది. పెద్ద లారీ డ్రైవరు ఉద్యోగం. దేశం కూడా అదే, నాయన పోయిన దేశం. వాళ్ళమ్మ చాన్నాళ్ళు ఒప్పుకోలేదు. తర్వాత ఒప్పుకుంది. మెడికల్ పరీక్ష అయిపోయింది. మీద ఏ కేసూ లేదని పోలీసుల దగ్గర నుంచి క్లియరెన్సు ఒక్కటే రావాలి. అది వచ్చేదాకా నోరూ చెయ్యీ అదుపులో పెట్టుకోమని నేనే వాడికి చెప్పాను. చిన్న కేసు పడినా వీసా పోతుంది. వాడూ తలూపాడు.

ఆ శనివారం నీలం జట్టుకూ ఎర్ర జట్టుకూ మ్యాచ్. సగం ఆట కాకముందే ఎర్రవాళ్ళు చిత్తుగా ఓడుతున్నారు. నీలంవాళ్ళు కొత్తగా కొన్న ఫార్వర్డు ఒకడు గోల్ వెనక గోల్ కొడుతున్నాడు. వాడికి పెట్టిన ధరతో మా మండలాలన్నీ కొనొచ్చు. ఉదయగిరివాడు నీలం చొక్కా తొడుక్కుని క్యాన్ మీద కూర్చుని, గోల్ పడినప్పుడల్లా చేజర్లవాడి భుజం తడుతున్నాడు.

"ఎట్ట ఉండాడు నేను కొన్నోడు? బేరం బాగా కుదిరింది గదా?"

 చేజర్లవాడి మెడ నరాలు ఉబ్బడం నేను చూశాను.

"మీ మేనేజర్ని పంపించెయ్ రా. కావాలంటే ఈ ప్లాంటులో క్యాన్లు కడగడానికి పెట్టుకుంటాం." మళ్ళీ భుజం తట్టాడు. "ఓనర్లు మంచోళ్ళయితే జట్టు ఇట్ట ఉంటాది."

చేజర్లవాడు ఆ చెయ్యి విదిలించి కొట్టాడు. లేచి నిలబడ్డాడు.

"ఓనరా? నువ్వా? మీ నాయన్ను చంపి పెట్టెలో పంపించినోళ్ళురా వాళ్ళు. ఆయన ఉసురు పోసుకున్న డబ్బుతో కొన్నారు ఆ నా కొడుకుని. వాడు గోల్ కొడితే నువ్వు చప్పట్లు కొడతా ఉండావు. సిగ్గుందా?"

 ఉదయగిరివాడి మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. దాన్ని ఏం చేసుకోవాలో తెలియనట్టు అలాగే పెట్టుకుని, కిందికి వంగాడు. మధ్యాహ్నం ఫిల్టరు బిగించి నేను నేల మీద వదిలేసిన పైపు రెంచి అక్కడే ఉంది.

దెబ్బ పడిన చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎండిన కట్టె విరిగినట్టే వినిపించింది. చేజర్లవాడు అరవలేదు. అరవడానికి దవడ లేదు. ఎడమ చెంప లోపలికి పోయి, నోట్లోంచి రక్తం, దానితోపాటు రెండు పళ్ళు తడి నేల మీద పడ్డాయి. వాడు వెల్లకిలా పడిపోయాడు. ఉదయగిరివాడు మీదికెక్కి రెంచి రెండోసారి ఎత్తాడు. ఈసారి తలకే. నేను దూకాను, ఎప్పట్లాగే జారాను, పడుతూ పడుతూ వాడి కాలు పట్టుకుని లాగాను. రెంచి చేజర్లవాడి చెవి పక్కన నేలకు తగిలి టైలు పగిలింది. ముక్క ఎగిరి నా పెదవికి గుచ్చుకుంది. నేను వాడి కాలు వదల్లేదు. వాడు రెండో కాలితో నా పక్కటెముకల్లో తన్నుతూనే ఉన్నాడు. టీవీలో జనం పాటలు పాడుతున్నారు.

ఎంతసేపటికో తన్నులు ఆగాయి. రెంచి జారవిడిచాడు. క్యాన్లు కడిగిన నీళ్ళలో రక్తం కలిసి తూము వైపు పోతుంటే దాన్ని చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఎవరూ చెప్పకుండానే లేచి, చేజర్లవాణ్ణి చేతుల మీద ఎత్తి నా ట్రాలీ ఆటోలో పడుకోబెట్టి, తల ఒళ్ళో పెట్టుకున్నాడు. దారి పొడుగునా రక్తం ఆ నీలం చొక్కా మీదే పడింది. "కళ్ళు మూసుకోబాక, రేయ్, కళ్ళు మూసుకోబాక" అంటూనే ఉన్నాడు. ఆసుపత్రి గేటు దగ్గర నేను మెడ పట్టి గెంటితే తప్ప పోలేదు. చేజర్లవాడి చిన్నాయన వస్తే ఏమవుతుందో నాకు తెలుసు.

చిన్నాయన రెండు బండ్లనిండా మనుషులతో వచ్చాడు. వచ్చీరాగానే నన్ను ఒకటి పీకాడు. చిట్లిన పెదవి మీదే తగిలింది.

"నీ షెడ్డులోనే గదా. ఏంది గొడవ? పొలందా?"

"కాదన్నా."

"ఆడమనిషిదా?"

"కాదన్నా. ఫుట్‌బాల్."

ఆయన నన్ను మళ్ళీ కొట్టాడు. "తమాషాగా ఉండాదా? ఇంగ్లండులో ఎవడో బంతి తంతే చేజర్లోడి దవడ ఎట్ట విరుగుతాది?"

నిజం చెప్పినందుకు ఇన్ని దెబ్బలు తినడం నాకు అదే మొదటిసారి. ఫుట్‌బాల్ కోసం వయసొచ్చిన మగాళ్ళు కొట్టుకుంటారంటే నమ్మే మనిషి ఆ వరండాలో ఒక్కడూ లేడు. కొట్టినవాడు సాయిబుల పిల్లోడని తెలిశాక, మతం మాట ఎత్తడానికి ఆయన వెనకున్నవాళ్ళు నోరు తెరుస్తున్నారు.  ఇది వీసాతో పోయే సంగతిలా కనిపించలేదు.

లోపల డాక్టరమ్మ చేజర్లవాడి మొహం తుడిచి, దూది కుక్కి, మామూలుగా అడిగినట్టే అడిగింది. "ఎలా తగిలింది?"

"కొట్టినారు" అన్నాడు చిన్నాయన. "రాసుకోండి. పేరు నేను చెప్తాను." పక్కనే కానిస్టేబులు పెన్ను తీశాడు.

"ఆయన్ను చెప్పనివ్వండి" అంది ఆమె.

చేజర్లవాడికి నోరు కదలదు. బల్ల మీద కూర్చుని, వాపుతో ఒక కన్ను మూసుకుపోయి, రెండో కంటితో నావైపు చూశాడు. ఆ కంట్లో కోపం తప్ప ఇంకేమీ నాకు కనపడలేదు. వాడు చిన్నాయన మాటకు తలూపితే అంతా అయిపోయినట్టే. నేను వాణ్ణి బతిమాలలేదు. ఏ మొహం పెట్టుకుని బతిమాలను? అన్నది వాడే, దెబ్బ తిన్నదీ వాడే.

వాడు రెండు చేతులూ ముందుకు చాచాడు. పిడికిళ్ళు బిగించాడు. కుడి మణికట్టు తిప్పి యాక్సిలరేటరు ఇచ్చాడు. తర్వాత ఒళ్ళంతా ఎడమవైపుకు ఒరిగించాడు.

డాక్టరమ్మ వాడి మోకాళ్ళూ మోచేతులూ చూసింది. ఎక్కడా ఒక్క గీత లేదు. "మొహం ఒక్కటే పడిందా బండి మీద నుంచి?"

వాడు తలూపాడు. ఆమె అదే రాసుకుంది. చిన్నాయన వాడి నెత్తిన ఒకటి మొట్టి, ఛీ అని బయటికి పోయాడు.

నెల్లూరులో ఆపరేషను చేసి పళ్ళకు తీగలు కట్టారు. వారాల తరబడి నోరు తెరవకుండా స్ట్రాతో రాగిజావ తాగి బతికాడు. ఉదయగిరివాడు ఒక్కసారి కూడా చూడటానికి పోలేదు, ఫోన్ చేయలేదు. నాతో కూడా మాట్లాడలేదు. పోలీసు క్లియరెన్సు వచ్చింది. బండి అమ్మేశాడని, టికెట్టు తీశాడని వేరేవాళ్ళు చెబితే తెలిసింది. నాకు ఒళ్ళు మండింది. వాడు రెంచితో కొట్టినందుకంటే చూడటానికి పోనందుకే ఎక్కువ మండింది.

వాడు ఊరు విడిచే ముందురోజు శనివారం. మ్యాచ్ ఉంది. చేజర్లవాడు తీగలు కట్టిన నోటితోనే వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి ఉదయగిరివాడు బస్సు దిగి వచ్చాడు. ఎవరినీ పలకరించకుండా, చేజర్లవాడి పక్కన ఇంకో క్యాన్ వేసుకుని కూర్చున్నాడు. ఎర్ర జట్టు ఆట. మామూలుగానే ఓడుతోంది.

ఉదయగిరివాడు టీవీ వైపే చూస్తూ మొదలుపెట్టాడు. "మేనేజర్ని పీకెయ్యాల అంటావు నువ్వు. మొన్ననే గదరా పెట్టుకునింది అంటాను నేను. పనికిరానోణ్ణి మొయ్యాల్నా అంటావు. మీ ట్రాక్టరు డ్రైవరు మాట నేనెత్తుతాను." అలా ఇద్దరి వాదనా వాడే చెప్పుకుపోయాడు. ఆటగాళ్ళను తిట్టాడు, బదిలీలను తిట్టాడు. చేజర్లవాడు కదలకుండా విన్నాడు. చివరికి యజమానుల దగ్గరికొచ్చి ఉదయగిరివాడు ఆగిపోయాడు.

"ఆ పొద్దు నువ్వన్నది నిజమేరా" అన్నాడు. "నాకు తెలవకనా? తెలిసే చూస్తా ఉండాను ఇన్నాళ్ళూ. తెలిసే పోతా ఉండాను."

లేచి చేజర్లవాడి ముందు నిలబడ్డాడు. "ఒక దెబ్బ బాకీ ఉండాది. కొట్టు. కొట్టకపోతే నేను విమానం ఎక్కలేను."

చేజర్లవాడు తల అడ్డంగా ఊపాడు.

"కొట్టరా. మా అమ్మ మీద ఒట్టు."

చేజర్లవాడు లేచాడు. లాంఛనానికి ఒకటి వేస్తాడని అనుకున్నాను. వాడు పొలం పని చేసే చేతిని వెనక్కి లాగి, ఉన్న బలమంతా పెట్టి ముక్కు మీద గుద్దాడు. ఉదయగిరివాడు క్యాన్ల వరస మీదికి పడ్డాడు. అవి దొర్లి షెడ్డంతా మోత. ముక్కులోంచి రక్తం ధారగా కారింది. దాన్ని తుడుచుకోకుండా అలాగే నేల మీద కూర్చుని ఏడ్చాడు. చేజర్లవాడు మూసిన పళ్ళ మధ్య నుంచే ఏదో శబ్దం చేస్తూ, వాడి పక్కన తడిలో చతికిలబడి వాడి తల పట్టుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది. ఇద్దరినీ నిండు క్యాన్లతో మోదాలని కూడా అనిపించింది.

చీకటి పడ్డాక ఉదయగిరివాణ్ణి నా బండి మీద ఇంటికి తీసుకుపోయాను.  వెన్నెల్లో ఉదయగిరి కొండ మీద కోట కనపడ్డాక, "అమ్మీకి నువ్వేం చెప్పబాక" అన్నాడు.

ఆమె గుమ్మంలోనే ఉంది. పెట్టె సర్ది వాకిట్లో పెట్టి ఉంది. కొడుకు మొహం చూసింది. ముక్కు రెండింతలైంది, చొక్కా ముందంతా రక్తం.

"ఏందిరా ఇది?"

"బండి మీద నుంచి పడినాను అమ్మీ."

"నీ బండి అమ్మేసినావు గదా."

"నా బండేనమ్మా" అన్నాను నేను. "గుంతలో జారింది."

ఆమె లైటు వేసి, వాకిట్లోకి దిగి నా బండి చుట్టూ ఒకసారి తిరిగింది. అద్దాలు బాగున్నాయి. ఎక్కడా గీత లేదు.  కొడుకు దగ్గరికి పోయి, కొంగుతో వాడి పెదవి మీది రక్తం తుడిచింది.

"మీ నాయన కూడా పడినాడనే చెప్పినారు" అంది. "ఆడికి పోయినాక నిన్ను ఎవరన్నా కొడితే, కొట్టినారనే చెప్పు. పడినాను అని నాకు చెప్పబాక."

వాడు తలొంచుకుని నిలబడ్డాడు. ఆమె గుడ్డ తడిపి తేవడానికి లోపలికి పోయింది.